పేరుకి ఇరవై అక్షరాలు చాలన్నదెవరు?

మన పెళ్లిళ్లలో చదివింపులు నూటపదహార్లే ఎందుకు అని ఎవరూ అడగరు. ముందువాళ్లు రాయించారు, మనమూ రాయిస్తాం. సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో చెప్పే స్పెక్ రాసేవాళ్లకి 255 అలాంటి అంకె. అడ్రస్ గడి పొడవెంత? 255. రిమార్క్స్? 255. కంపెనీ పేరు? అదీ 255 వేసెయ్. ఒక బైటులో పట్టే అతి పెద్ద అంకె అది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 5.0.3 వెర్షన్ రాకముందు అక్షరాలు దాచే వార్‌చార్ కాలమ్ అంతకు మించి ఉండేది కాదు. ఆ అవసరం పోయి చాలా ఏళ్లయింది, అంకె మాత్రం అలవాటుగా ఉండిపోయింది.

నేనూ అలాగే రాసేదాన్ని. విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద ఒక చిన్న కంపెనీలో బిజినెస్ అనలిస్ట్‌గా చేస్తున్నాను. క్లయింట్ చెప్పింది విని, డెవలపర్లకి అర్థమయ్యేలా కాగితం మీద పెట్టడం నా పని. ఏ స్క్రీన్‌లో ఏ గడి ఉండాలి, అందులో ఏం రాయనివ్వాలి, ఏం రాయనివ్వకూడదు, ఇదంతా ఒక పెద్ద ఎక్సెల్ షీటు. అందులో ‘మ్యాక్స్ లెంగ్త్’ అని ఒక కాలమ్ ఉంటుంది. ఖాళీగా వదిలితే రివ్యూలో అడుగుతారు. ఏదో ఒక అంకె వేస్తే ఎవరూ అడగరు. కాబట్టి వేసేస్తాం.

2022లో మాకొక డయాగ్నస్టిక్ లేబ్ పని వచ్చింది. లేబ్ పేరు అనవసరం. సిటీలో కొన్ని కలెక్షన్ సెంటర్లు, అనకాపల్లిలో ఒకటి, విజయనగరంలో ఒకటి. పేషంట్ వచ్చి పేరు చెప్పడం దగ్గర్నుంచి రిపోర్టు చేతికిచ్చే దాకా అంతా మా సాఫ్ట్‌వేర్‌లోనే జరగాలి. అంతకుముందు చేసిన స్కూలు ఫీజుల ప్రాజెక్టు షీటు తెరిచి, పొడవుల కాలమ్‌ని అలాగే కాపీ కొట్టాను. పేరు 50, అడ్రస్ 255, ఫోన్ 10, రిమార్క్స్ 500. విద్యార్థి అన్న చోట పేషంట్ అని మార్చాను, అంతే. రివ్యూ మీటింగులో లోగో ఎడమ పక్కన ఉండాలా మధ్యలో ఉండాలా అన్న దాని మీద అరగంట మాట్లాడుకున్నాం. పొడవుల కాలమ్ మీద ఒక్కరూ నోరు మెదపలేదు. టెస్టింగ్ చేసే అమ్మాయి నిజానికి బాగానే చేసింది. పేరు గడిలో 49, 50, 51 అక్షరాలు కొట్టి చూసింది. 50 పట్టింది, 51 పట్టలేదు. పాస్. ఆవిడ కొట్టింది యాభై ‘ఎ’లు, వరసగా.

డిసెంబరులో గో-లైవ్, అంటే లేబ్‌లో నిజంగా వాడటం మొదలు. మొదటి వారం సపోర్టుకని నన్ను అక్కయ్యపాలెం వైపు సెంటర్‌లో కూర్చోబెట్టారు. పొద్దున్న ఆరున్నరకే జనం. ఫాస్టింగ్ షుగర్ కదా, కాఫీ కూడా తాగకుండా వస్తారు. చలికి చెవులకి మఫ్లర్లు చుట్టుకుని కుర్చీల్లో కూర్చుని, ‘ఇంకెంతసేపమ్మా’ అన్నట్టు మన వైపే చూస్తుంటారు. కౌంటర్లో అమ్మాయి పేరూ వయసూ కొట్టగానే పక్కనున్న చిన్న ప్రింటర్ టకటకమని స్టిక్కర్లు కక్కుతుంది. టెక్నీషియన్ కుర్రాడు వాటిని ట్యూబులకి అంటిస్తాడు. షుగర్‌కి బూడిదరంగు మూత, మూడు నెలల షుగర్ అంటారు కదా, ఆ హెచ్‌బీఏ1సీకి ఊదారంగు మూత. మొదటి రోజు సాఫీగా జరిగిపోయింది. నేను కూడా లోలోపల కాలర్ ఎగరేసుకున్నాను.

రెండో రోజు ఒక పెద్దాయన వచ్చారు. పోర్టులో చేసి రిటైరయ్యారట, అరవై ఏడేళ్లు. నిన్న బ్లడ్ ఇచ్చి వెళ్తే, సాయంత్రం మెయిన్ లేబ్ నుంచి ఫోన్ వచ్చిందట, శాంపిల్ పనికిరాలేదు, రేపు మళ్లీ పరగడుపున రండి అని. మోచేతి మడత దగ్గర నిన్నటి కాటన్ ప్లాస్టర్ ఇంకా అలాగే ఉంది. కౌంటర్ మీద చెయ్యి పెట్టి, ‘ఏటమ్మా, రాత్రికి రాత్రి నన్ను ఆడదాన్ని చేసీసారేటి?’ అన్నారు. వెనక ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

జరిగిందేమిటంటే, ఆయన పేరులో ఇంటిపేరు, తర్వాత వెంకట, తర్వాత లక్ష్మి, తర్వాత నారాయణ. (పేరు కొంచెం మార్చి రాస్తున్నాను. అక్షరాల లెక్క మాత్రం మార్చలేదు.) ఆధార్‌లో ఇంగ్లీషులో విడివిడి మాటలుగా ఉంది, కౌంటర్లో అలాగే కొట్టారు. ఇంటిపేరు ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు, ఒక ఖాళీ, వెంకటకి ఏడు, మళ్లీ ఒక ఖాళీ, లక్ష్మికి ఏడు. మొత్తం కూడండి, సరిగ్గా ఇరవై. స్టిక్కర్ మీద పేరు ఇరవై దగ్గర ఆగిపోయింది. నారాయణుడు ఎగిరిపోయాడు, లక్ష్మి మిగిలింది. పక్కనే 67, మేల్ అని ఉంది. మెయిన్ లేబ్‌లో ట్యూబు చేతిలోకి తీసుకున్నావిడకి పేరు ఆడమనిషిది, వివరం మగమనిషిది. బార్‌కోడ్ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ ఏ లేబ్‌లోనైనా ఒక్క గుర్తునే నమ్మరు, రెండైనా కలవాలి. కలవకపోతే ఆ శాంపిల్ పక్కన పడేయాల్సిందే. ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

నేను వెంటనే స్క్రీన్ తెరిచి చూశాను. డేటాబేస్‌లో పేరు పూర్తిగా ఉంది. నా స్పెక్ ప్రకారం 50 దాకా పడుతుంది, ఆయనది 29. మరి ఇరవై ఎక్కడిది? హిల్ మీదున్న మా డెవలపర్ కుర్రాడికి ఫోన్ చేశాను. ‘అక్కా, స్పెక్‌లో స్టిక్కర్ మీద పేరు పొడవెంతో లేదు కదా. పట్టినంత వేశాను’ అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను గానీ, లేనిమాట వాస్తవం. నేను రాసింది ‘స్టిక్కర్ మీద పేరు, వయసు, సెక్స్, నంబర్, బార్‌కోడ్ రావాలి’ అన్న ఒక్క వాక్యం.

వాడు లెక్క చెప్పాడు. ప్రింటర్ అంగుళానికి 203 చుక్కలు వేస్తుంది, అంటే మిల్లీమీటరుకి 8. స్టిక్కర్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, అంటే 400 చుక్కలు. అటూ ఇటూ అంచులకి 40 చొప్పున వదిలితే మిగిలేది 320. వాడు ఎంచుకున్న ఫాంటులో ఒక్కో అక్షరానికి 16 చుక్కలు. 320ని 16తో భాగిస్తే 20. అదీ సంగతి. నేను షీటులో వేసిన 50 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదు. వాడి ఇరవైకి మాత్రం పక్కా లెక్క ఉంది. వాడి తప్పల్లా పట్టనిదాన్ని చప్పుడు చేయకుండా కోసేయడం. నా తప్పు దాని గురించి అడగకపోవడం.

ఆ రోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక టెక్నీషియన్‌తో కూర్చున్నాను. కొత్తగా ఏం చెప్పక్కర్లేదు మేడం, మాకు ముందే తెలుసు అన్నట్టు మాట్లాడాడు. ‘ఈయన మగాడు కాబట్టి దొరికింది మేడం. పుట్టిన పిల్లలకి చూడండి’ అన్నాడు. పేరు పెట్టని పసిపిల్లలకి శాంపిల్ పంపితే ముందు ‘బేబీ ఆఫ్’ అని వేసి తల్లి పేరు రాస్తారు. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకి, ఖాళీలతో కలిపి ఎనిమిది పోయాయి. తల్లి పేరుకి మిగిలింది పన్నెండు. కవలలైతే చివర ట్విన్ వన్, ట్విన్ టూ అని ఉంటుంది. ఇరవైకి కోస్తే ఇద్దరు పిల్లలకీ ఒకటే స్టిక్కర్, ఇద్దరూ ఒకే వయసు, ఒక్కోసారి ఇద్దరూ ఆడపిల్లలే. వింటుంటేనే నాకు ఒళ్లు జలదరించింది. అదృష్టం, మా సాఫ్ట్‌వేర్ వచ్చి రెండు రోజులే అయింది, కవలలెవరూ రాలేదు.

అప్పుడు తట్టింది నాకు. మన దగ్గర పేరు పొడుగైతే ఎలా కుదిస్తాం? ముందు నుంచి. ఇంటిపేరుని ఒక్క అక్షరం చేస్తాం, వెంకటని ‘వి’ చేస్తాం, అసలు పేరుని మాత్రం ముట్టుకోం. స్కూలు అటెండెన్సు రిజిస్టరు నుంచి గుమ్మం మీద నేమ్‌బోర్డు దాకా అందరం చేసేది ఇదే. మనిషిని పక్కమనిషి నుంచి వేరు చేసే ముక్క మన పేర్లలో చివర్న ఉంటుంది. మెషీన్ కోసేది కూడా సరిగ్గా అక్కడే. కోసే ఫంక్షన్ రాసినవాడు, వాడు అమెరికాలో ఉన్నా మధురవాడలో ఉన్నా, మొదటి ఇరవై ఉంచి మిగతాది పారేయ్ అనే రాస్తాడు. అది చాలా తేలిక, ఒకే ఒక్క లైను.

స్టిక్కర్‌కి కొత్త నియమం ఆ టేబుల్ దగ్గరే రాసుకున్నాం. పేరుకి ఒక లైను కాదు, రెండు. మాట మధ్యలో విరగకూడదు, మొత్తం మాట కింది లైనుకి పోవాలి. రెండు లైన్లూ చాలకపోతే ముందు ఇంటిపేరు ఇనిషియల్ అవ్వాలి, ఆ తర్వాత రెండో మాట. చివరి మాటని ఎప్పుడూ ముట్టుకోకూడదు. ట్విన్ వన్, ట్విన్ టూ అన్నది అసలు పేరులో భాగమే కాదు, దానికి వేరే గడి, స్టిక్కర్ మీద వేరే చోటు. బార్‌కోడ్ ఎత్తు కాస్త తగ్గించి రెండో లైనుకి జాగా చేశాం. టెక్నీషియన్ స్కానర్‌తో పదిసార్లు గీసి చూసి సరే అన్నాక గానీ నేను హిల్‌కి వెళ్లలేదు.

అంతటితో ఆగి ఉండొచ్చు. కానీ పురుగు తొలిచేసింది. పేరు గడే ఇలా ఉంటే మిగతా గడుల సంగతేమిటి? మేనేజర్‌ని అడిగి ఇంకో రెండు రోజులు కౌంటర్ వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎవరు ఏం కొడుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో చూడటమే పని.

మొదట పట్టుబడింది కనీస పొడవు. ఇంటిపేరు గడికి నేను కనీసం మూడు అక్షరాలు అని రాశాను, ఎవరో పెద్దవాళ్లు చెబితే. ఆధార్‌లో ఇంటిపేరు స్థానంలో ఒక్క ఇనిషియల్ మాత్రమే ఉన్నవాళ్లు మనలో బోలెడుమంది. సిస్టమ్ ఒప్పుకోదు, క్యూ ఆగదు. కౌంటర్లో అమ్మాయి ‘కె’ పక్కన రెండు చుక్కలు పెట్టి ముందుకెళ్లిపోతోంది. తప్పు పట్టడానికేముంది? గడి ఒప్పుకోకపోతే జనం దారి వెతుక్కుంటారు, చెత్త మన డేటాలో చేరుతుంది. కనీసం ఒకటి అని మార్చాను. ఒకే పేరున్నవాళ్ల కోసం ఇంటిపేరు తప్పనిసరి అన్న నియమం కూడా తీసేశాను.

రెండోది ఆభా నంబరు. ప్రభుత్వ ఆరోగ్య ఖాతాకి ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరది. పద్నాలుగు అంకెలు కాబట్టి గడి పొడవు 14 అని గొప్పగా రాశాను. కార్డు మీద అది రెండు, నాలుగు, నాలుగు, నాలుగుగా మధ్యలో గీతలతో ఉంటుంది. గీతలతో కలిపి పదిహేడు. ఒక కుర్రాడు వాళ్లమ్మ నంబరు వాట్సాప్‌లో పంపితే కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో కాపీ చేసి అతికించింది. బ్రౌజర్ మొదటి పద్నాలుగు ఉంచి మిగతాది నోరెత్తకుండా మింగేసింది. గీతలు మూడు పోను మిగిలినవి పదకొండు అంకెలు. ఆ పైన ‘నంబరు తప్పు’ అని ఎర్రటి మెసేజ్. వాళ్లు ఇచ్చింది తప్పు కాదు, మేం కోసి తప్పు చేశాం. పిన్‌కోడ్ మధ్యలో ఖాళీ, ఫోన్ ముందు +91, అన్నీ ఈ బాపతే. ముందు గీతలూ ఖాళీలూ తీసేయాలి, ఆ తర్వాతే లెక్కపెట్టాలి. ఈ ‘ముందు, తర్వాత’ అన్నది స్పెక్‌లో రాయకపోతే ఒక్కో డెవలపర్ ఒక్కోలా చేస్తాడు.

ఇక అడ్రస్. హోమ్ కలెక్షన్‌కి బండి మీద వెళ్లే కుర్రాళ్లకి డోర్ నంబర్లతో పనే లేదు. విశాఖలో డోర్ నంబరు పట్టుకుని ఇల్లు కనుక్కున్నవాడిని నేనింకా చూడలేదు. వాళ్లకి కావలసింది ‘ఎన్‌ఏడీ దాటాక బాజీ జంక్షన్ దగ్గర ఎడమకి తిరిగి, టిఫిన్ కొట్టు ఎదురు సందులో చివరి ఇల్లు, కింద కుట్టు మిషన్ ఉంటుంది’. ఇది 255లో పడుతుంది, కానీ రూట్ షీటు ప్రింట్‌లో అడ్రస్‌కి ఇచ్చిన చోటు చిన్నది, మళ్లీ చివర కోతే. అసలు ముక్క మళ్లీ చివర్నే. గుర్తులకి వేరే గడి పెట్టి, రూట్ షీటులో దాన్నే ముందు వేయించాను. అడ్రస్ గడిలో ఎంటర్ కొడితే ఇంకో తమాషా. స్క్రీన్ మీద ఒక లైను మార్పు అంటే ఒక్కటే లెక్క, సర్వర్‌కి చేరేసరికి రెండు. అంచు మీదున్న అడ్రస్‌ని స్క్రీన్ సరేనంటుంది, సర్వర్ తోసేస్తుంది. దాన్ని పట్టుకోడానికి మాకు ఒక పూట పట్టింది.

తెలుగు గొడవ తర్వాతి ఏడాది వచ్చింది. రసీదు మీదా, మెసేజీలోనూ పేరు తెలుగులో ఉండాలని లేబ్ వాళ్లు అడిగారు. మంచి కోరికే, నాకూ సంతోషమే. పేరు తెలుగులో అని ఇంకో గడి పెట్టాను, పొడవు 50 అని రాశాను. ఈసారి నియమాలన్నీ రాశాను కదా అన్న ధీమా. టెస్టింగ్ అమ్మాయి తెలివిగా మన పెద్దాయన పేరే వాడింది, ఇంటిపేరు లేకుండా: వెంకట లక్ష్మీనారాయణ. సేవ్ నొక్కగానే ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి’ అని వచ్చింది. లాగ్‌లో చూస్తే మా ఒరాకిల్ డేటాబేస్ ఇచ్చిన ఎర్రర్, ఓఆర్ఏ-12899, గడికి విలువ పెద్దదైంది, ఉన్నది 55, గరిష్ఠం 50.

ముగ్గురం స్క్రీన్ ముందు నిలబడ్డాం. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. వెం, క, ట, ల, క్ష్మీ, నా, రా, య, ణ. తొమ్మిది. గడి కింద అక్షరాలు లెక్కపెట్టే చిన్న కౌంటర్ ‘19/50’ అంటోంది. డేటాబేస్ 55 అంటోంది. ఒకటే పేరు, మూడు లెక్కలు, మూడూ నిజాలే.

విడదీస్తే ఇలా తేలింది. కంప్యూటర్లన్నీ అక్షరాలకి వాడే ఉమ్మడి పట్టిక యూనికోడ్. అందులో మన గుణింతం, పొల్లు, సున్నా ఒక్కోటీ విడి గుర్తు. ‘క్ష్మీ’ మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి క, పొల్లు, ష, పొల్లు, మ, దీర్ఘం, మొత్తం ఆరు. అలా లక్ష్మీనారాయణ పదమూడు, వెంకట అయిదు, మధ్యలో ఖాళీ ఒకటి, పంతొమ్మిది. ఆ గుర్తుల్ని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచేటప్పుడు ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు. పద్దెనిమిది మూళ్లు యాభై నాలుగు, ఖాళీకి ఒకటి, యాభై అయిదు. ఒరాకిల్‌లో గడికి 50 అని ఊరికే రాస్తే, ఎవరూ సెట్టింగు మార్చకపోతే, అది యాభై బైట్లు. అక్షరాలు కావాలంటే ‘50 క్యార్’ అని విడిగా చెప్పాలి. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే ఊరికే రాసినా గుర్తుల లెక్కే. అంటే నా షీటులోని ‘50’ అన్న అంకెకి, అది ఎందులో లెక్కో చెప్పనంత కాలం, అర్థమే లేదు. బియ్యం యాభై అంటే కిలోలా, బస్తాలా?

ఆదివారం భీమిలి వెళ్లినప్పుడు నాన్నకి చెప్పాను. ఆయన హైస్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పారు. ‘క్ష్మీ ఆరెలా అవుతుందే? అది ఒక్క గురువు. సంయుక్తం ముందుంది కాబట్టి ల కూడా గురువే’ అని వేలితో గాలిలో గురువులూ లఘువులూ గీశారు. స్టిక్కర్ ఇరవై సంగతి వినగానే మాత్రం హుషారొచ్చింది. ‘ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. పాదం నిండిపోయిందని ఏ కవీ మాట సగంలో నరకడు, మిగతాది కింది పాదంలోకి జరుపుతాడు’ అన్నారు. మేం చివరికి చేసింది అదే నాన్నా అంటే, ‘ఆ మాట మొదటే అడిగితే పోయేదిగా’ అని కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టారు.

మనకి కనబడే అక్షరాల్లో లెక్కపెట్టే రెడీమేడ్ ప్రోగ్రాములు, లైబ్రరీలంటారు, లేవా అంటే ఉన్నాయి. అప్పుడు మేం వాడిన దాంట్లో ‘క్ష్మీ’ మూడుగా తేలింది: క్, ష్, మీ. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల్లో తెలుగు ఒత్తుల్ని కలిపి ఒకటిగా చూడటం చేరింది. ఏ ఫోన్లో ఏ వెర్షన్ ఉందో చూసుకుంటూ కూర్చోలేం కాబట్టి ఆ దారి వదిలేశాం. యూనికోడ్ గుర్తుల లెక్కనే ఖాయం చేసి, పేరుకి వంద ఇచ్చి, డేటాబేస్‌లో కూడా అదే లెక్క పెట్టించాం. గడి కింద ఆ ‘19/50’ కౌంటర్‌ని పీకేయించాను. తొమ్మిది అక్షరాలు రాసిన మనిషికి పంతొమ్మిది చూపించి ఏం సాధిస్తాం?

టెస్ట్ డేటా మారిపోయింది. యాభై ‘ఎ’ల స్థానంలో ఇప్పుడు ‘క్ష్మీ’ వరసగా ఉంటుంది, అంచుకి ఒకటి తక్కువ, అంచు మీద, ఒకటి ఎక్కువ. మా టెస్టింగ్ అమ్మాయి శుక్రవారం రిలీజులకి లక్ష్మీపూజ అంటుంది.

మెసేజీల దగ్గర నా లెక్కలు ఇంకోసారి తిరగబడ్డాయి. ఎస్సెమ్మెస్ అంటే 160 అని అందరికీ తెలుసు. అది ఇంగ్లీషు అక్షరాలకి. మెసేజీలో ఒక్క తెలుగు అక్షరం పడినా హద్దు 70కి దిగిపోతుంది. దాటితే రెండు ముక్కలు, ముక్కకి 67, డబ్బులు రెండు మెసేజీలకి. నేను రాసిన వాక్యం ఇది: ‘నమస్కారం. వెంకట లక్ష్మీనారాయణ గారి రిపోర్టు సిద్ధంగా ఉంది. కౌంటర్లో తీసుకోండి.’ లెక్కపెడితే 78. లేబ్ మేనేజర్ గారు పెన్నుతో ‘నమస్కారం’ కొట్టేశారు. 68 అయింది, ఆయన మొహం వెలిగింది. కానీ చివర లేబ్ పేరు చేర్చాలి కదా సార్ అన్నాను. అది చేరితే మళ్లీ డెబ్భై దాటింది. ఎలాగూ రెండు మెసేజీలే అయ్యాక 134 దాకా ఖర్చు ఒకటే. అలా నమస్కారం బతికింది.

అప్పట్లో ఇంకో హద్దు కూడా ఉండేది. ఇలాంటి మెసేజీల మూసని టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే రిజిస్టర్ చేయాలి. పేరులాంటి మారే ముక్కకి ఒక ఖాళీ వదులుతాం, ఆ ఖాళీలో 30కి మించి పట్టేది కాదు. మించితే మెసేజ్ వెళ్లేది కాదు, పేషంట్‌కి ఏమీ తెలిసేది కాదు. పేరుకి వంద ఇచ్చి, స్టిక్కర్‌కి నలభై ఇచ్చి, ఇక్కడ ముప్పై. కాబట్టి మెసేజీలో కూడా ఇంటిపేరు ఇనిషియల్ చేయడమే, మళ్లీ ముందు నుంచే.

ఇప్పుడు నా షీటులో పేరు వరస ఇలా ఉంటుంది: ‘కనీసం 1, గరిష్ఠం 100. లెక్క యూనికోడ్ గుర్తుల్లో, ముందూ వెనకా ఖాళీలు తీసేశాక. మించితే సేవ్ చేయకూడదు, కోయకూడదు, కొట్టింది చెరిపేయకుండా పేరు పొడుగైందని తెలుగులో చెప్పాలి. బ్రౌజర్లో, సర్వర్లో, డేటాబేస్‌లో ఒకటే లెక్క. స్టిక్కర్‌కి, రూట్ షీటుకి, ఎస్సెమ్మెస్‌కి కుదించే నియమం విడిగా చూడండి.’ ఒక్క అంకె ఉండే గడిలో ఇప్పుడు పేరా ఉంది. డెవలపర్ కుర్రాడు మొదట్లో ‘అక్కా, ఇది స్పెక్కా, వీలునామానా’ అనేవాడు. ‘కోయకూడదు’ అన్నదాని మీద ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం కూడా. సిస్టమ్ ఆగిపోవడం కన్నా కాస్త కోయడం నయం కదా అని వాడి వాదన. ఆ మాట ఆ పెద్దాయనకి చెప్పి రా అన్నాను, ఊరుకున్నాడు.

255 వేసే అలవాటు పూర్తిగా పోయిందని చెప్పను. మొన్న ఇంకో ప్రాజెక్టులో రిమార్క్స్ గడికి చెయ్యి దానంతట అదే 255 కొట్టేసింది. తర్వాత చూసుకుని, ఆ రిమార్క్స్ ఎవరు చదువుతారు, ఎక్కడ ప్రింటవుతాయి అని క్లయింట్‌కి ఫోన్ చేశాను. ఎవరూ చదవరన్నాడు. ఆ గడే తీసేశాం.

పెద్దాయన మార్చిలో మళ్లీ వచ్చారు, మూడు నెలల షుగర్‌కి. వేరే పని మీద ఆ పొద్దున్న నేనూ అక్కడే ఉన్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు గానీ, టెక్నీషియన్ ట్యూబుకి స్టిక్కర్ అంటించగానే ఆగమని చెయ్యి చూపించి, జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ట్యూబు వెలుతురులోకి ఎత్తి పట్టుకుని రెండు లైన్లూ చదివారు. ‘సరే, ఇప్పుడు తియ్యి’ అని చొక్కా చెయ్యి పైకి మడిచారు.